లొల్లి తీసేస్తే

మానేరు పొంగి కింది వాడ కార్ఖానాల్లో నడుము లోతు నీళ్లు నిలిచి, నేసిన బట్ట నేసినట్టే కుళ్లిపోయిన ఏడు ఒకటి సిరిసిల్ల వాళ్లకు ఉంది. పెండ్లయినా చావయినా ఆ వరదకు ముందా, వెనకా అనే లెక్క. ఆ వరద పోయిన రెండో ఏడు, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజుల్లో, ఒక శనివారం పొద్దున రాజేశం కోసం పోలీసు జీపు వచ్చింది.

జీపు వచ్చిన సంగతి రాజేశానికి వినపడలేదు. అతను అప్పుడు సాంచెల నడుమ ఉన్నాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఒక్క సాంచె నడిస్తేనే పక్కింట్లో పసిపిల్ల ఉలిక్కిపడుతుంది. ఆ రేకుల కొట్టంలో రెండు వరసల సాంచెలు ఒక్కసారే నడుస్తాయి. అందులో నిలబడి గొంతు చించుకున్నా పక్కవాడికి చేరదు. అందుకే సాంచెల మీద బతికేవాళ్లు అరవరు. పెదవులు కదుపుతారు, అంతే. ఎదుటివాడు ఆ పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. కొత్తగా పనికి వచ్చినవాడు కొన్నాళ్లు అరుస్తాడు, గొంతు బొంగురుపోయాక వాడూ దారికొస్తాడు. ఏళ్లు గడిచేకొద్దీ పెదవుల వెనక గొంతు పెట్టడమే మరిచిపోతాడు.

రాజేశం అయితే ఇంట్లో కూడా మరిచిపోయేవాడు. అసలే మాటల మనిషి కాదు. మూడో తరగతి మధ్యలో బడి మాన్పించి నూలు చుట్టిన కండెలు అందించే పనిలో పెడితే అప్పటి నుంచి ఆ మోతలోనే పెరిగి, ఆ మోతలోనే ముసలివాడయ్యాడు. అన్నం ముందు కూర్చొని పెదవులు కదిపితే భార్య రాములవ్వ గయ్యిమనేది. “గొంతు ఏడ కుదువ పెట్టచ్చినవ్? ఉప్పు గావాల్నా పప్పు గావాల్నా? నీ మూతి సూసుకుంట కూసోను నాకేం పనిలేదా?”

కార్ఖానా యజమాని బాలయ్య సేటు గడప దగ్గర నిలబడి చేయి ఊపాడు. ఆయన కూడా ఒకప్పుడు సాంచెలు నడిపినవాడే కాబట్టి గొంతు పెట్టలేదు. “ఇవుతలికి రా. పోలీసోళ్లు,” అన్నాయి ఆయన పెదవులు.

రాజేశం సాంచెలు ఆపి, చేతులకంటిన దూది దులుపుకుంటూ బయటికి వచ్చాడు. జీపు పక్కన ఒక జవాను నిలబడి ఉన్నాడు, ఇంకొకడు లోపల కూర్చుని ఉన్నాడు. బాలయ్య రాజేశాన్ని పక్కకు లాగాడు.

“మొన్న నీ మేనకోడలు అచ్చింది గదా, పద్మ. మన ఐలయ్యతోని మాట్లాడి పోయింది గదా. మా గుమాస్తగాడు సెల్లుల వీడియో తీసి వీళ్లకు ఇచ్చిండట. నీ మీద ఒట్టు, నాకు గిప్పుడే తెలిసింది.”

రాజేశం జీపు వైపు చూశాడు.

“గా వీడియోల లొల్లి తప్ప ఏం వినవడ్తలేదట. సాంచెలోళ్లు మూతులు సూసి మాట పడ్తరని ఎవడో చెప్పిండు. నువ్వు సూసి, వాళ్లేం మాట్లాడుకున్నరో చెప్పాల్నట జగిత్యాల్ల.”

పద్మ రాజేశం అక్క కూతురు. తల్లి పోయాక చిన్నతనమంతా రాజేశం ఇంట్లోనే గడిచింది. బడి లేని పూట కార్ఖానాలో కండెలు ఏరుతూ, పెదవుల మాట అక్కడే పట్టుకుంది. ఇప్పుడు కోరుట్లలో బీడీలు చేస్తుంది. సమ్మె మొదలైన నాటి నుంచి ఆ వాడకట్టు బీడీల ఆడవాళ్లందరినీ రోడ్డెక్కిస్తున్నది ఆమే. మొన్న ఆమె కార్ఖానాకు వచ్చినప్పుడు రాజేశానికి సాంచె మీద పోగులు తెగి ఉన్నాయి. వంగి ముడివేసుకుంటూ వీపు తిప్పి ఉన్నాడు. తలెత్తేసరికి ఆమె గడప దగ్గర చేయి ఊపి వెళ్లిపోతోంది. అంత దూరం వచ్చి తనకు ఒక మాట చెప్పకుండా పోయిందేమని అతనికి కొంచెం గుచ్చుకుంది కూడా.

“నా మాట ఇను,” అన్నాడు బాలయ్య. “నాకేం సమజైతలేదు సారూ అను. అయిపాయె. వాళ్లు నిన్నేం జేస్తరు?”

ఎవరు చెప్పారో, రాములవ్వ వాడ చివర నుంచి వగరుస్తూ వచ్చింది. “మోతిబిందు ఉన్నదని చెప్పు. ఎడమ కంటికి ఉన్నదే గదా. కుడి కంటికి గూడ ఉన్నదను. గంత మాత్రం అబద్ధానికి దేవుడేమనడు.” తర్వాత జవాను వైపు తిరిగింది. “ఓ అయ్యా, గీయిన గుడ్డోడు. సగం చెవిటోడు. నోరంటవా, నేను కాపురానికి అచ్చిన కాన్నుంచి నేనే సరిగ ఇనలే. గీయిన్ని తీస్కపోయి మీరేం జేసుకుంటరు?”

జవాను నవ్వు దాచుకుని జీపు తలుపు తీశాడు. రాజేశం తలూపి ఎక్కాడు. సమజైతలేదు అనడం అతనికి కొత్త కాదు. ఎవరు తిట్టినా, ఎవరు పని పెంచినా, వినవడలే అని సాంచెల వైపు తిరిగిపోవడంతోనే ఇంతకాలం నెట్టుకొచ్చాడు. ఆ మోత అతనికి గొడుగులాంటిది.

వేములవాడ దాటి జీపు జగిత్యాల దారి పట్టింది. బస్సులు లేవు. దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి. రాత్రి రోడ్డుకు అడ్డం వేసిన రాళ్లను ఎవరో పక్కకు దొర్లించి ఉన్నారు. కొండగట్టు దగ్గర రోడ్డు పక్కన దీక్షల గుడారం ఉంది. జీపు మెల్లగా పోతుంటే అందులో కూర్చున్న ఆడవాళ్లు జీపు లోపలికి చూశారు. ఇద్దరు జవాన్ల నడుమ తెల్ల గడ్డం ముసలివాడు కనిపించాడు.

“అయ్యో, ముసలాయిన్ని గూడ పట్టుకపోతున్నరే!” అంది ఒకామె. మరొకామె లేచి నిలబడి పిడికిలి ఎత్తింది. “జై తెలంగాణ! భయపడకు తాతా!”

గుడారమంతా చప్పట్లు కొట్టింది. రాజేశం తువ్వాల మొహం మీదికి లాక్కున్నాడు. తాను పోతున్నది కండ్లు కనపడవని చెప్పి బయటపడడానికని వాళ్లకేం తెలుసు? జీపు మల్యాల మలుపు తిరిగే దాకా ఆ చప్పట్లు అతని వీపు మీద పడుతున్నట్టే ఉన్నాయి.

జగిత్యాలలో జీపు స్టేషనుకు పోలేదు. ఊరి నడుమ టవర్ దగ్గరి సందులో మేడ మీద ఒక గదికి తీసుకుపోయారు. అది దివాకర్ అనే అతను పాటలు రికార్డు చేసే గది. జాతర పాటలు, పెండ్లి పాటలు, ఈమధ్య తెలంగాణ పాటలు అక్కడే తయారవుతున్నాయి. చప్పుడు ఆగడానికి గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించి ఉన్నాయి. తలుపు మూయగానే బయటి లోకమంతా తెగిపోయినట్టయింది. అంత నిశ్శబ్దంలో రాజేశం ఎప్పుడూ కూర్చోలేదు. చెవుల్లో తన సాంచెలు తనకే గుయ్యిమంటూ వినిపించసాగాయి.

ఎస్సై కుర్చీ చూపించాడు. గొంతు కసురుగా లేదు, అలసిపోయి ఉంది. “కూసో తాత. చాయ్ తాగుతవా? రేపు ఐతారం కోరుట్లకు మంత్రి వస్తున్నడు. ఆయన్ని ఏడ్నో ఒకకాడ ఆపుతరని మాకు తెలుసు. ఏడనో తెల్వది. జగిత్యాల్లనా, కోరుట్లనా, నడుమలనా? గా పోరి గది చెప్పడానికే సిరిసిల్లకు పోయింది. నాకు గా జాగ పేరు ఒక్కటి గావాలె.”

“తెలిస్తే?” అన్నట్టు రాజేశం పెదవులు కదిలాయి.

“ఆఁ? ఏమన్నవ్?”

దివాకర్ కలగజేసుకున్నాడు. “తెలిస్తే ఏం జేస్తరని అడుగుతున్నట్టుంది సార్.”

“ఏం జేస్తం? రాత్రికి ఇండ్లకాడికి పోయి తోలుకొస్తం. మంత్రి పోయే దాక స్టేషన్ల కూసోవెడ్తం. కొట్టం, తిట్టం. తెల్వకపోతేనే కష్టం. రేపు రోడ్డు మీద మందిల లాఠీలు లేస్తే ఎవరికి తాకుతయో నేను జెప్పలేను.”

దివాకర్ కంప్యూటర్ తిప్పి చూపించాడు. పోలీసులంటే అతనికి ఇష్టమున్నట్టు లేదు గానీ పని అంటే ఇష్టముంది. తెర మీద నల్లగా, దట్టంగా, గొంగడి పరిచినట్టు ఒక పట్టీ ఉంది.

“గిది మీ సాంచెల మోత కాకా. ముందుగాల, ఎవరూ నోరు కదపని తావు ఒకటి చూస్కున్న. గది కంప్యూటర్‌కు చూపెట్టి, ఇగో గిది లొల్లి, గుర్తు పట్టుకో అని చెప్పిన. ఇగ మొత్తంల గా గుర్తున్నదాన్నంత తీసెయ్యుమన్న. తీసేసింది.”

మీట నొక్కాడు. గొంగడి కరిగిపోయి సన్నటి దారం మిగిలింది.

“మోత పోతే మాట తేలాలె. మాట ఉన్నకాడ కింద పచ్చగీత పడ్తది. మొత్తంల ఒక్కకాన్నే పడ్డది. వినుండ్రి.”

ఒక మగగొంతు, ఫోను పక్కనే గుసగుసలాడింది. “సేటు సూస్తడో ఏందో... తొందరగ కానియ్యుండ్రి తల్లీ...”

అది గుమాస్తా గొంతు. జవాను కిసుక్కుమన్నాడు. ఎస్సై అతని వైపు ఒక చూపు చూశాడు.

“మా మనిషి గొంతు తప్ప ఎవ్వరి గొంతు లేదు,” అన్నాడు ఎస్సై. “వాళ్లు గొంతే పెట్టలేదు. తీసుడు తప్పు కాదు, తీస్తే ఎల్లడానికి ఆడ ఏం లేదు. ఇగ నువ్వే దిక్కు. చూడు.”

వీడియో మొదలైంది.

రాజేశం మొదట మనుషులను చూడలేదు. సాంచెలను చూశాడు. పోగు మోసే నాడెలు ఇటు నుంచి అటు దూకుతున్నాయి, పలకలు కొట్టుకుంటున్నాయి, ఒక్క చప్పుడు లేదు. యాభై ఏండ్లుగా తన చెవులను తిన్న మోత, కోరలు పీకిన పాములా, నోరు పడిపోయి ఆడుతోంది. తన వీపు తనకు కనిపించింది. ఇంత వంగిపోయానా అనుకున్నాడు. అప్పుడు పద్మ కొట్టంలోకి వచ్చింది.

రాములవ్వ చెప్పినట్టు కండ్లు చికిలించాలనుకున్నాడు. మోతిబిందు సారూ అనే మాట నాలుక చివర పెట్టుకున్నాడు. కానీ చూడకుండా ఉండడం అతని చేతిలో లేదు. చదువుకున్నవాడి కండ్ల ముందు రాత పెట్టి చదవవద్దంటే ఎట్లా కుదురుతుంది? పద్మ పెదవులు కదిలాయి, మాట వచ్చి అతనిలో పడింది.

“ఐతారం పొద్దుగాల. మేడిపల్లి మూల మలుపు. రోడ్డు మీదనే వంట, రోడ్డు మీదనే తిండి. సిరిసిల్ల నుంచి ఒక ట్రాక్టర్ మందిని తోలుకొని రా ఐలన్నా.”

ఇప్పటి దాకా రాజేశానికి నిజంగానే తెలియదు. ఆ మోతలో వీపు తిప్పి ఉన్నందుకు తెలియకుండా ఉన్నది, మోత తీసేసిన ఈ గదిలో తెలిసిపోయింది. మొహం కదలనీయలేదు.

పద్మ అతని వీపు వైపు ఒకసారి చూసి మళ్లీ ఐలయ్య వైపు తిరిగింది. “మామకు చెప్పకు. చెప్తే నేనూ వస్తనంటడు. ఆయన మోకాళ్లు పనిచేస్తలెవ్వు.”

ఐలయ్య రాజేశం పక్క సాంచెల మీద పనిచేసేవాడు. వరస లేకపోయినా బావ అని పిలుస్తాడు. మాటకారి. పెదవులతో ఎంత మాట్లాడతాడో, మొహంతో అంత నాటకం ఆడతాడు. తెర మీద రాజేశం వీపును బొటనవేలితో చూపించాడు.

“మా బావకు చెప్తే ఏమైతది? గోడకు చెప్పినట్టే. పెండ్లి నాడు అయ్యగారు మంత్రం చెప్పుమంటె తలకాయ ఊపిండట. మళ్ల చెప్పుమంటె మళ్ల ఊపిండట. అయ్యగారికి చెమటలు వట్టినయట. ఇగ రాములక్కనే బాసింగం సర్దుకొని, జరుగు అయ్యా అని రెండు దిక్కుల మంత్రాలు తనే చదివి లగ్గం గట్టిచ్చుకున్నదట!”

ఆ పైన ఐలయ్య, తలూపుతున్న పెండ్లికొడుకునూ, కొంగు బిగించిన పెండ్లికూతురునూ ఒక్క మొహం మీదే మార్చి మార్చి చూపించాడు. తన వీపు వెనక జరిగిన ఆ ఆట రాజేశం ఇప్పుడే మొదటిసారి చూస్తున్నాడు. లోపలెక్కడో తన్నుకొచ్చింది. ఆపుదామనుకునే లోపే పక్కుమని నవ్వాడు.

గదిలో అందరూ అతని వైపు తిరిగారు.

సాంచెల మనిషి తప్ప ఇంకొకడు చేయలేని తప్పు అది. చప్పుడే లేని బొమ్మను చూసి నవ్వడం.

ఎస్సై మెల్లగా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “నవ్వచ్చిందా తాత? మాక్కూడ చెప్పు, మేం గూడ నవ్వుతం.”

రాజేశం తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు.

“మనిషన్నంక ఊర్కెనే గూడ నవ్వుతడు సార్,” అన్నాడు దివాకర్.

“నువ్వు ఊకో. తాత, నీకు సమజైంది. నీ కండ్లు మంచిగనే ఉన్నయి. జాగ పేరు చెప్పు. నోటితోని చెప్పకు, నీకు బాధైతే. నేను ఊరి పేర్లు చదువుత. తల ఊపు. నువ్వు చెప్పినవని ఎవ్వరికి తెల్వది. కోరుట్లనా? వెంకట్రావుపేటనా?”

రాజేశం మెడ బిగించి కూర్చున్నాడు. ఇంతసేపూ లేని భయం ఇప్పుడొచ్చింది. ఊళ్ల పేర్లు వరుసగా వస్తున్నాయి. మేడిపల్లి అన్నప్పుడు రెప్ప కూడా కదలకుండా చూసుకున్నాడు, కానీ తాను అట్లా చూసుకున్న సంగతే ఎదుటివాడికి కనపడుతుందేమో అనిపించింది. కండ్ల ముందు కోరుట్ల వాడకట్టు కనిపించింది. సాయంత్రం వాకిట్లో ఒళ్లో చాటలు పెట్టుకుని ఆకు చుడుతున్న ఆడవాళ్లు, వాడ మొదట్లో ఆగిన వ్యాను, చాటలోంచి నేల మీదికి ఒలికిపోయిన తంబాకు. పద్మ తల ఎత్తి, ఎవరు చెప్పారా అని ఆలోచించడం.

ఎస్సై పేర్లు ఆపేశాడు. ఈసారి గొంతు పెరిగింది. “ఏం మనుషులయ్యా మీరు! రోజు లొల్లి. రోడ్ల మీద లొల్లి, ఆఫీసుల కాడ లొల్లి. మా ఇండ్లల్ల గూడ లొల్లే. పండుక్కు నా పెండ్లాం ముఖం సూడలే నేను. నీ మీద కేసు పెట్టాల్నా? మీ సేటు కార్ఖానకు తాళం ఏపియ్యాల్నా? నువ్వు నేసుకొని బతికేటోనివి, నీకెందుకు గీ లొల్లి?”

రాజేశం పెదవులు కదిలాయి. గొంతు రాలేదు.

“గట్టిగ చెప్పు!”

మళ్లీ కదిలాయి. ఎస్సై విసుగ్గా చేతులు ఎత్తేశాడు. గడియారం చూసుకున్నాడు. పైనుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి, ఏదో ఒక జవాబు చెప్పాలి. చివరికి కొంచెం దిగాడు.

“సరే తాత. నాకు నీతోని పంచాయతి వద్దు. సమజ్ కాలేదు అని ఒక్క మాట మైకుల చెప్పు. రికార్డైతది. చూపెట్టినం, ముసలోడికి ఏం తెల్వలే అని పైకి పంపుకుంట. నిన్ను జీపుల ఇంటికాడ దింపిస్త. నాకు నిష్ఠూరం లేదు, నీకు కష్టం లేదు.”

దివాకర్ మైకు తెచ్చి అతని ముందు పెట్టాడు. ఎస్సైకి వినపడకుండా వంగి, “గంతే అను కాకా. పోతరు. ఎవరికేం కాదు,” అన్నాడు.

బాలయ్య చెప్పిందీ అదే. రాములవ్వ చెప్పిందీ అదే. ఇప్పుడు పోలీసాయన కూడా అదే చెబుతున్నాడు. పద్మకు దానితో ఏ నష్టమూ లేదు. అందరూ కలిసి ఒకే తలుపు తీసి పట్టుకున్నారు, తల వంచి దూరి పోవడమే మిగిలింది. ఇదివరకైతే దూరేవాడే.

కానీ ఈసారి తల వంగలేదు. పద్మ మాట అంత తేటగా ఉంది. గొంతు లేకుండానే అంత తేటగా మాట్లాడిన పిల్లను, మోతను తీసేసినట్టే తీసేసి, అక్కడ ఏమీ లేదనడానికి తన నోరే కావలసి వచ్చిందా? కంప్యూటరు లేదంది, దానికి పెదవులు చదవడం రాదు. తనకు వచ్చు. వచ్చినవాడు లేదంటే, ఇక ఆ మాట ఉన్నట్టు ఎవరు చెబుతారు? కొండగట్టు దగ్గరి ఆమె ఎత్తిన పిడికిలి గుర్తొచ్చి వీపు చురచురలాడింది.

రాజేశం మైకు దగ్గరికి జరిగాడు. సాంచెలు పూర్తిగా ఆగిపోయినప్పుడు కొట్టం ఈ చివర నుంచి ఆ చివరికి కేకేసే గొంతు ఒకటి అతనికి ఉండేది. దాన్ని వాడి ఏళ్లయింది. అది లేచి వచ్చింది.

“నేను సిరిసిల్ల రాజేశాన్ని. నా కండ్లు మంచిగనే ఉన్నయి. పద్మ ఏమన్నదో నాకెర్కే. ఐలయ్య ఏమన్నడో ఎర్కే. జాగ ఎర్కే, పొద్దు ఎర్కే. కని మీకు చెప్ప.”

గుడ్ల అట్టలు అదిరాయి. తెర మీద గొంతు జోరు చూపే సూదులన్నీ ఎర్రగీత దాటి కొట్టుకున్నాయి. కింద పచ్చగీత ఈ చివర నుంచి ఆ చివరికి ఎక్కడా తెగకుండా పడింది.

ఎస్సై నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. “ఏంది? నీకు బయటవడే తొవ్వ చూపెట్టిన గదయ్యా! సమజ్ కాలేదను!”

“అయ్యింది సారూ. కాలేదని ఎందుకంట?”

“మరి చెప్పు!”

“చెప్ప. లొల్లంత మీరే తీసేసిన్రు. ఇగ మిగిలింది మాట. గది మాది.”

ఎస్సై దివాకర్ వైపు తిరిగాడు. “గిది తీసెయ్. మొత్తం తీసెయ్.”

దివాకర్ తెర వైపు చూశాడు, ముసలివాడి వైపు చూశాడు. అతని వేలు మీట మీద ఆగింది. “దేన్ని తియ్యాలె సార్? ఇందుల లొల్లి ఏం లేదు.”

ఆ మాటకు దివాకర్ మూల్యం చెల్లించాడు, ఆ సాయంత్రమే అతని గదికి తాళం పడింది. రాజేశాన్ని స్టేషనుకు తీసుకుపోయి బల్ల మీద కూర్చోబెట్టారు. ఎవరూ చేయి చేసుకోలేదు. ఎస్సై రెండు మూడుసార్లు వచ్చి ఎదురుగా నిలబడి, ఏమీ అడగకుండా పోయాడు. జీపులో వచ్చిన జవాను ఎవరూ చూడకుండా రొట్టె తెచ్చిచ్చి, “తాత, ఆ ఐలయ్యెవరో ఏమన్నడే? నవ్విచ్చిన మాట? గది జెప్పు సాలు,” అని బతిమాలాడు. రాజేశం రొట్టె తీసుకుని తలూపాడు, అంతే.

మర్నాడు తెల్లవారకముందే ఎస్సై బలగాన్ని సగం జగిత్యాల బైపాసుకు, సగం కోరుట్ల మొదట్లోకి తోలుకుని పోయాడు. స్టేషనులో మిగిలిన జవాను తలుపు తీసి, “ఇగ ఇంటికి పో తాత. బస్సులు లెవ్వు, ఎట్ల పోతవో ఏమో,” అన్నాడు.

సిరిసిల్లకు పోవాలంటే కొండగట్టు దారి పట్టాలి. రాజేశం స్టేషను మెట్లు దిగి, తువ్వాల తలకు చుట్టుకుని, కోరుట్ల దారి పట్టాడు. మోకాళ్లు తిట్టుకుంటూనే నడిచాయి. ఊరు దాటాక పాల క్యాన్ల బండివాడు ఒకడు ఎక్కించుకున్నాడు.

మేడిపల్లి మూల మలుపు మీద అప్పటికే మూడు పొయ్యిలు రాజేసి ఉన్నారు. రోడ్డుకు అడ్డంగా ట్రాక్టరు, దాని ముందు గుండిగలు, ఉల్లిగడ్డలు కోస్తున్న ఆడవాళ్లు. ఒక్క పోలీసు లేడు. పద్మ గంటె పట్టుకుని తలెత్తింది. బండి మీది నుంచి దిగుతున్న మామను చూసి గంటె వదిలేసింది.

“మామా! నువ్వెట్లచ్చినవే? నిన్నెవరు రమ్మన్నరు?” అని, ఐలయ్య మీద పడింది. “నువ్వే చెప్పినవ్ గదా! చెప్పకుమంటినా లేదా?”

“నీ తోడు పద్మవ్వా, నేను చెప్పలే!”

“మరెవరు చెప్పిన్రు మామా?”

“నువ్వే,” అన్నాడు రాజేశం. ఆమె అయోమయంగా చూస్తుంటే, ఐలయ్య వైపు తిరిగి, “మంత్రాల సంగతి ఇంటికాడ రాములవ్వకు చెప్త. నీ పని ఆమె జూస్తది,” అన్నాడు. ఐలయ్య మొహంలో రక్తం పోయింది.

అన్నం ఉడుకు పట్టే వేళకు జగిత్యాల వైపు నుంచి కార్ల హారన్లు వినిపించాయి. మంత్రి బండ్లు మలుపుకు అవతల ఆగిపోయాయి. వాటి ఎదురు దిక్కున, కోరుట్ల వైపు నుంచి ఎస్సై జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. ఎస్సై దిగి, పొయ్యిలు చూసి, జనాన్ని చూసి, పొయ్యి ముందు గొంతుక్కూర్చున్న రాజేశం దగ్గర ఆగాడు. ఆడవాళ్లు ఒకరి చేతిలో ఒకరు చేయి వేసి లేచి నిలబడ్డారు.

“గిదేనా తాత?” అన్నాడు ఎస్సై. “నిన్న నేను అడిగిన జాగ?”

“ఆఁ సారూ. గిదే. మేడిపల్లి మూల మలుపు.” ఆ గొంతు మలుపు అవతల ఆగిన కార్ల దాకా వినిపించింది.

“లేస్తవా?”

రాజేశం లేచాడు. బియ్యం కడిగిన నీళ్ల గిన్నె తీసుకుని రోడ్డు పక్కకు పోయి పారబోశాడు. తిరిగి వచ్చి అదే పొయ్యి ముందు, అదే చోట కూర్చుని, కట్టెను లోపలికి తోశాడు.